ఉప్పుకి అక్కయ్య

బాగా ఆలోచించి చెప్పండి, తొందరేమీ లేదు, నేను పై అంతస్తులో రోగుల్ని చూసుకొని గంటలో మళ్లీ వస్తాను అని డాక్టరమ్మ మెట్లెక్కి వెళ్లిపోయింది, తాళాలాయన మాత్రం ఆమె అడిగిన మాట దగ్గరే ఆగిపోయాడు. మాత్రలు ఆవిడే కావాలని ఎక్కువ వేసుకునే అవకాశం ఏమైనా ఉందా అని అడిగింది. ఎంత మెల్లగా అడిగిందంటే పక్క బెంచీ మీద కునుకు తీస్తున్న పెద్దాయన కళ్లు కూడా తెరవలేదు. కావాలని. అబ్బే లేదమ్మా అని అప్పటికప్పుడే అనేసి ఉంటే సరిపోయేది, నోరు తెరిచాడు కూడా, మాట బయటికి రాలేదు, ఆ రాకపోవడాన్ని ఆ పిల్ల గమనించింది, గమనించే గంట గడువిచ్చింది. చిన్న పిల్లే గానీ చురుకైనది. అద్దాల తలుపు అవతల మంచం మీద ఆయన భార్య పడుకొని ఉంది, వీధి వీధంతా టీచరమ్మ అని పిలిచే మనిషి, నిద్రో మగతో తెలియదు, దుప్పటి కింద కాళ్లు ఉండుండి ఉలిక్కిపడుతున్నాయి. పొద్దున లేచి రవిక గుండీలు పెట్టుకోలేకపోయింది. గోడ పట్టుకొని నడిచింది. ఏమైందే అంటే ఏదో చెప్పింది, నోట్లో దూది కుక్కుకొని చెప్పినట్టు చెప్పింది. టాక్సీలో ఆయన భుజం మీద తల వాల్చింది, పాతికేళ్లలో పదిమంది ఎదుట ఆవిడ చేయని పని. రక్తం తీసి చూశారు, లిథియం ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువైపోయిందన్నారు. మందే. ఇన్నాళ్లూ ఆవిడను నిలబెట్టిన మందే ఇవాళ పడగొట్టింది.

లిథియం అంటే ఏమిటో ఆ డాక్టరమ్మ ఆయనకు చెప్పబోయింది, పాపం, చాలా నెమ్మదిగా, చేతులు తిప్పుతూ, అదొక లవణం అండీ అంటూ. నాకు తెలుసమ్మా అన్నాడు. తెలియకేం. ఏటా ఆ పాఠం బడిలో చెప్పే ముందు రోజు వంటింటి బల్ల దగ్గర ఆయనకు చెప్పి చూసుకునేది ఆవిడ. ఆయన ఆకురాయితో తాళంచెవుల అంచులు రుద్దుతూ ఉండేవాడు, ఆవిడ ఎదురుగా నిలబడి, చేతిలో సుద్దముక్క లేకపోయినా ఉన్నట్టే వేళ్లు ముడిచి, మొదలుపెట్టేది. "మీకు అర్థమైందంటే మా చివరి బెంచీ వాళ్లకి కూడా అర్థమైనట్టే" అనేది. ఆ ఎత్తిపొడుపుకు ఆయన ఏనాడూ చిన్నబుచ్చుకోలేదు, ఏమాటకామాట, చివరి బెంచీ వాడే ఆయన. పెద్ద పట్టిక, గళ్లు గళ్లుగా, ఒక్కో గడిలో ఒక్కో మూలకం. "అడ్డంగా చూస్తే ఇరుగుపొరుగు, నిలువుగా చూస్తే చుట్టాలు. పక్కింటివాళ్ల పోలిక మనకి రాదు, పై తరంవాళ్ల పోలిక వస్తుంది" అని చెప్పేది, అదే ఆవిడ పాఠానికి పునాది. అందుకే బడిలో పిల్లలు ఆవిణ్ణి వెనకాల చుట్టాల టీచరు అనేవాళ్లు. మొట్టమొదటి నిలువు గళ్లలో లిథియం, సోడియం, పొటాషియం, రుబీడియం, సీజియం. వీటన్నిటికన్నా పైన హైడ్రోజన్ కూర్చుంటుంది, దాన్ని పట్టించుకోకండి, ఇంటి పెద్దలా తల దగ్గర కూర్చుంది గానీ ఈ ఇంటిది కాదు, అది లోహమే కాదు అనేది. మరి చుట్టరికం ఎక్కడొచ్చింది వీటికి, అని ఆయన అడగాలి, అడిగేవాడు, ఏటా అడిగేవాడు. "ఇంట్లో ఎన్ని గదులున్నా వీధి గుమ్మంలో నిలబడేది ఎంతమంది? అది చూడండి. లిథియానికి రెండే గదులు, సీజియానికి ఆరు. కానీ గుమ్మంలో మాత్రం అందరికీ ఒక్కటే ఎలక్ట్రాన్. బయటివాళ్లకి లోపలి గదులతో పనేముంది? గుమ్మంలో ఉన్నవాడితోనే కదా మాట్లాడేది. అందుకే అందరి ప్రవర్తనా ఒకటే." అలా చెప్పేటప్పుడు ఆవిడ కళ్లు చూడాలి. కొత్తగా ఆ రోజే ఎవరో చెవిలో చెప్పి వెళ్లినట్టు, ఏటా అంతే.

ఇదంతా ఎందుకు గుర్తొస్తోంది, అడిగింది అది కాదు కదా, అడిగింది కావాలని వేసుకుందా అని. ఆయన లేచి అద్దంలోంచి చూశాడు. సీసాలోంచి బొట్టు బొట్టుగా ఏదో దిగుతోంది. మళ్లీ వచ్చి కూర్చున్నాడు. గుమ్మంలో ఒక్కడు. ఆ ఒక్కణ్ణి ఇచ్చేద్దామనే ఆ కుటుంబం మొత్తం చూస్తుంది, అడిగినవాడిదే ఆలస్యం, ఆవిడ మాటే ఇది, ఇచ్చేసే గుణం ఆ వంశానిది. కింది మెట్టుకు పోయేకొద్దీ గదులెక్కువ, గుమ్మం దూరం, లోపలివాళ్ల పట్టు సడలిపోతుంది, కనక ఇచ్చేసే తొందర ఇంకా ఎక్కువ. నీళ్లలో వేస్తే తెలిసిపోతుందట ఎవరెంతటివాళ్లో. ఒకసారి బడి వార్షికోత్సవంలో చూపించింది, ఆయన కూడా వెళ్లాడు, వెనక వరుసలో నిలబడ్డాడు. నూనెలో మునిగి ఉన్న ముక్కను పట్టకారుతో తీసింది, చాకుతో కోసింది, లోహాన్ని వెన్న కోసినట్టు కోసింది, ఉక్కుతో పెనుగులాడి బతికే మనిషికి అది చూస్తే ఈర్ష్య పుట్టింది. కోసిన చోట వెండిలా తళుక్కుమని, చూస్తూ ఉండగానే మసకబారింది. లిథియం నీళ్ల మీద తేలి బుడబుడలాడింది, అంతే, పెద్దమ్మాయి కదా, గోల చేయదు. సోడియం గుండ్రంగా ముడుచుకొని గిన్నె అంతా పరుగులు పెట్టింది. పొటాషియం పడీ పడగానే ఊదారంగు మంట లేచింది, ముందు వరుసలో పిల్లలు కెవ్వుమన్నారు, పై అధికారి ఒకాయన కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. మరి కింద ఉన్న ఆ ఇద్దరూ, అని ఎవరో పిల్లాడు అరిచాడు. "వాళ్లని పిలిస్తే ఇల్లు పీకి పందిరేస్తారు, వద్దు" అంది ఆవిడ. హాలు హాలంతా నవ్వింది. ఆ మనిషి నా భార్య అని పక్కవాడికి చెప్పాలనిపించింది ఆయనకు, చెప్పాడు కూడా, ముక్కూమొహం తెలియనివాడికి. ఎవరూ అడగకుండానే చెప్పాడు. ఇప్పటికీ చెప్పాలనే ఉంది, ఈ బెంచీ మీద పెద్దాయనను లేపి మరీ చెప్పాలని ఉంది, లోపల పడుకున్నది ఎవరనుకున్నారండీ అని.

కానీ డాక్టరమ్మ అడిగింది కొట్టిపారేసే మాట కాదు. అడగడానికి కారణం ఉందని ఆ పిల్లకు తెలియదు, ఆయనకు తెలుసు. పెళ్లయిన కొత్తలో కాదు, కొన్నేళ్లకు, ఒక ఎండాకాలం ఆవిడకు నిద్ర పోయింది. పోవడం అంటే మళ్లీ రానంతగా పోయింది. రాత్రీ పగలూ తేడా లేకుండా మాట్లాడింది, ఒక్క మాట పూర్తి కాకుండా ఇంకోటి, వంటింటి గోడ మీద ఆ పట్టికంతా బొగ్గుతో గీసింది, ఒక్క గడి తప్పు లేకుండా గీసింది, తెల్లారకముందే పక్కింటి తలుపులు కొట్టి పిల్లల్ని పాఠానికి పంపమంది. ఆయన తల ప్రాణం తోకకొచ్చింది. ఆ తర్వాత అది దిగిపోయింది, దిగి, నేలమట్టం దగ్గర ఆగక ఇంకా కిందికి పోయింది. గోడవైపు తిరిగి పడుకునేది. తినమంటే తినేది, లేవమంటే లేచేది, అంతే. ఒక సాయంత్రం తనంతట తనే లేచి వచ్చి షాపులో ఆయన ఎదురుగా నిలబడింది, జుట్టు దువ్వుకోలేదు, చెప్పుల్లేవు. "మేడ మీది తలుపుకి తాళం మార్చండి. తాళంచెవి ఎక్కడ పెట్టారో నాకు చెప్పకండి" అంది. ఎందుకని ఆయన అడగలేదు. ఎన్ని వందల ఇళ్లకు తాళాలు బిగించాడో, దొంగలు రాకుండా బిగించాడు, ఇంట్లోవాళ్లు పోకుండా బిగించడం అదే మొదలు, మర పట్టు దొరక్క నాలుగుసార్లు జారింది. అంత చీకట్లో కూడా తన తాళం తనే అడిగి వేయించుకుంది చూడు, అది ఎంత బలం, అంత బలం ఎవరికుంటుంది. ఈ సంగతి డాక్టరమ్మకు చెప్పాలా వద్దా. చెబితే కాగితం మీదికి ఎక్కుతుంది, రేపు బడిలో తెలుస్తుంది, టీచరమ్మ కావాలని మింగిందట అని ఊరంతా అంటుంది. పోనీ ఊరిని వదిలేయొచ్చు, అంతకంటే పెద్దది ఇంకోటుంది. నిజంగానే కావాలని వేసుకుందేమో. పక్కనే పడుకొని ఆయన చూసుకోలేదేమో.

అప్పుడే ఆ మందు మొదలైంది. ముసలి డాక్టరుగారు చీటీ రాసిస్తే, దారిలో ఆగి, చీటీ కళ్లకు దగ్గరగా పెట్టుకొని చదివి, ఆవిడ నవ్వింది. నెలల తర్వాత మొదటి నవ్వు, నవ్వడం మర్చిపోయినవాళ్లు నవ్వితే ఎలా ఉంటుందో అలా. "ఏవండీ, ఇది మా మొదటి ఇంటి పెద్దక్కండీ. ఉప్పుకి అక్కయ్య" అంది. ఆయనకు అర్థం కాలేదు, నవ్విందన్నదే అర్థమైంది, రోడ్డు మధ్యలో నిలబడి ఆయన కూడా నవ్వాడు. కొన్ని వారాలకు బట్టల బుట్ట చంకన పెట్టుకొని వచ్చి మేడ తాళంచెవి అడిగింది. ఇచ్చాడు. ఇచ్చి మెట్ల దగ్గరే నిలబడ్డాడు, పైన అడుగుల చప్పుడు వింటూ, దండెం మీద తడిబట్ట దులిపిన చప్పుడు వింటూ. ఖాళీ బుట్టతో దిగివచ్చి, ఇక్కడేం చేస్తున్నారు, ఎండ బాగుంది పైన, అనేసి వంటింట్లోకి వెళ్లింది. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా రాత్రి భోజనం కాగానే మాత్ర వేసుకోవడం, మంచినీళ్ల గ్లాసు బోర్లించడం, అయిపోయింది. దాచుకోలేదు, సిగ్గుపడలేదు. ఒకసారి క్లాసులో ఒక అమ్మాయి లేచి లిథియం ఎందుకు పనికొస్తుంది టీచర్ అంటే, "మీ నాన్న ఫోను బ్యాటరీలో ఉంటుంది, నాలోనూ ఉంటుంది, నాకు మనసు బాగుండక రోజూ వేసుకుంటాను" అని చెప్పింది. ఆ అమ్మాయి తల్లి మర్నాడు హెడ్మాస్టరు గదిలో కూర్చొని, పిచ్చి మందు మింగేవాళ్లతో పాఠాలేంటండీ అని పెద్ద గొడవ పెట్టుకుంది. ఈవిడ వెళ్లి, మీ అమ్మాయికి రసాయనశాస్త్రం బాగా వస్తోందండీ, పై చదువుకి పంపండి అని చెప్పి బయటికి వచ్చేసింది. ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడో మందుల కంపెనీలో పనిచేస్తోంది. ఇలాంటి మనిషి. ఇలాంటి మనిషి కావాలని మింగుతుందా అని మనసు అంటుంది, అలాంటి మనిషే కదా తాళం వేయమంది అని మళ్లీ అదే మనసు అంటుంది.

ఈ మధ్య ఎలా ఉంది, అది చూడాలి, వెనక్కి వెళ్లి ఒక్కొక్క రోజూ తలుపు తీసి చూడాలి. చెయ్యి వణుకుతోందని చెప్పింది, సుద్దముక్క నిలవడం లేదంది, వయసు మీద పడుతోందండీ అంది. దాహం దాహం అని చెంబులకు చెంబులు తాగింది, ఎండలు అలా ఉన్నాయి. నాలుగు రోజులు కడుపు చెడింది. ఆర్నెల్లకోసారి చేయించుకునే రక్తపరీక్ష పిల్లల పరీక్షలు అయ్యాక చూద్దాంలే అంది, పిల్లల పరీక్షల ముందు ఆవిడ పరీక్ష ఎప్పుడు గెలిచింది కనక. తక్కువ మాట్లాడింది. కిటికీ దగ్గర కూర్చుని చాలాసేపు బయటికి చూసింది ఒకరోజు. అయ్యో, పోయిన వారం ప్రయోగశాల తాళంచెవులు కొత్త టీచరుకు ఇచ్చేసింది, గుత్తి గుత్తంతా, చెయ్యి వణుకుతోంది, సీసాలు జారితే కష్టం, ఆ అమ్మాయి దగ్గర ఉండనీండి అని. ఆ గుత్తి ఆయనే చేసిచ్చాడు, ఇత్తడిది, ఎన్నేళ్లుగానో ఆవిడ నడుమున ఉంది. తాళంచెవులు ఇచ్చేయడమంటే ఏమిటి. ఇంట్లోంచి వెళ్లిపోయేవాళ్లే కదా తాళంచెవులు ఇచ్చేసేది. ఇంకా, ఇంకా ఏమిచ్చింది. ఉప్పు జాడీ ఎదురింటావిడకు ఇచ్చేసింది, అది వేరే కథ, దానికీ దీనికీ సంబంధం లేదు. అది ఆయన రక్తపోటు కథ. క్లినిక్కులో ఆయనకు రక్తపోటు ఉందని, ఉప్పు తగ్గించమని చెప్పారు. తగ్గించమన్నారు, అంతే. ఆవిడ దగ్గర తగ్గించడం అనే పని ఉండదు, పట్టిందంటే ఉడుంపట్టే, జాడీతో సహా ఇంట్లోంచి ఉప్పును గెంటేసింది. నాకొక్కడికీ వేరేగా వండవే, నువ్వెందుకే చప్పిడి తినడం అని మొత్తుకున్నాడు. "ఒక ఇంట్లో రెండు గిన్నెలేంటండీ? మీరు చప్పగా తింటుంటే నా గొంతు దిగుతుందా?" అంది. గోడకు చెప్పినా వినేది. ఉడికించిన బంగాళాదుంప, ఉప్పు లేకుండా. గుడ్డు, ఉప్పు లేకుండా. ఒక్క మాట అనకుండా, మొహంలో ఒక్క గీత మారకుండా, పూటపూటా ఆయన ఎదురుగా కూర్చొని తినేది. ఆయనే ఆగలేకపోయాడు. షాపు సొరుగులో, తాళాల స్ప్రింగుల పక్కన, పొట్లం కట్టి ఉప్పు దాచుకున్నాడు, మధ్యాహ్నం క్యారియర్ విప్పి చల్లుకొని, దొంగలాగా అటూ ఇటూ చూసుకొని తినేవాడు. వారం తిరిగేసరికి స్ప్రింగులన్నీ తుప్పెక్కాయి. తుప్పు చూసి నవ్వుకున్నాడు కూడా, ఉప్పు ఊరుకోదురా, ఎక్కడున్నా తన పని తను చేసుకుపోతుంది అనుకొని.

నర్సు సీసా మార్చడానికి వచ్చింది. అద్దాల తలుపు కాలితో తోసి, లోపలికి వెళ్లి, ఖాళీ సీసా తీసి కొత్తది తగిలించింది, బయటికి వస్తూ ఉంటే ఆయన లేచి నిలబడ్డాడు. ఏదో ఒకటి అడగాలి, మనిషి గొంతు వినాలి.

"ఏం మందమ్మా అది, పొద్దుట్నుంచీ ఎక్కిస్తున్నారు?"

"మందేం కాదు బాబాయ్, సెలైన్. ఉప్పు నీళ్లే. కంగారు పడకుండా కూర్చోండి" అని నర్సు ట్రే పట్టుకొని వెళ్లిపోయింది.

ఉప్పు నీళ్లే. కూర్చున్నాడు. ఇంత పెద్ద ఆస్పత్రి, ఇన్ని యంత్రాలు, ఆవిడ ప్రాణానికి వీళ్లు ఎక్కిస్తున్నది ఉప్పు నీళ్లా. లిథియం ఎక్కువైందని వచ్చినవాళ్లకు ఉప్పెందుకు, ఉప్పుకీ లిథియానికీ ఏమిటి, ఏమిటంటే చుట్టరికం, ఉప్పుకి అక్కయ్య, ఉప్పులో ఉన్నది సోడియం, దాని పైన గడిలో ఉన్నది లిథియం, ఒకే నిలువు, ఒకే ఇల్లు, గుమ్మంలో ఒక్కడు. ఆగు, ఆగు, పరిగెత్తకు. ఈ మందు ఎలా పనిచేస్తుందే అని ఆయన ఎప్పుడో అడిగాడు, వంటింటి బల్ల దగ్గరే, ఆవిడ ఏమంది. "పూర్తిగా ఎవరికీ తెలియదండీ. కానీ ఒకటి చెప్తా, మీకు తెలిసిన భాషలో. శరీరంలో సోడియం కోసం కట్టిన తలుపులుంటాయి. లిథియానికీ అదే గాటు, కాస్త చిన్న తాళంచెవి. సోడియం అనుకొని తలుపు తెరుచుకుంటుంది. శరీరం మొహం చూడదండీ, చుట్టరికం చూస్తుంది." ఆయనకు అది బాగా పట్టుబడింది, ఒక తాళంచెవికి ఇంకో తాళం తెరుచుకోవడం రోజూ చూసేదే. ఇంకా ఏదో చెప్పింది, కిడ్నీల గురించి. కిడ్నీలు వడపోసేవాళ్లు కదా, ఉప్పు పుష్కలంగా ఉంటే సోడియాన్ని బయటికి పంపిస్తాయి, దాంతోపాటు అక్కయ్యా బయటికి పోతుంది. మరి ఉప్పు కరువొస్తే? కరువొచ్చిందని కిడ్నీలు ఉన్న సోడియాన్ని పోనీకుండా గట్టిగా పట్టుకుంటాయి. పట్టుకోవడంలో మొహం చూడవు. అక్కయ్యనూ పట్టుకుంటాయి. చెల్లెలనుకొని ఒడిసి పట్టుకొని లోపలే ఉంచేస్తాయి. ఒక రోజు, ఒక వారం, రోజుకో మాత్ర చొప్పున పోగుపడుతుంది, పోగుపడి చెయ్యి వణికిస్తుంది, కడుపు చెడుతుంది, కడుపు చెడితే ఉన్న కాస్త ఉప్పూ పోతుంది, పోతే ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. ఒక్క మాత్ర కూడా ఎక్కువ వేసుకోనక్కర్లేదు. రాత్రి భోజనం కాగానే ఒకటి వేసుకొని గ్లాసు బోర్లిస్తే చాలు. వేసుకోలేదు. కావాలని వేసుకోలేదు. ఉప్పు మానేసింది, అంతే, నాకోసం మానేసింది, పిచ్చిది, లోకానికంతా చుట్టరికాలు నేర్పిన మనిషి తన వంటింట్లో జాడీ తీసి ఎదురింటావిడ చేతిలో పెడుతున్నప్పుడు అందులో ఉన్నది ఎవరి చెల్లెలో చూసుకోలేదు, నా రక్తపోటు తప్ప ఇంకేమీ కనపడలేదు ఆవిడకు. నేనేమో సొరుగులో పొట్లం కట్టుకొని. ఆయనకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. పక్క బెంచీ పెద్దాయన కళ్లు తెరిచి చూసి మళ్లీ మూసుకున్నాడు.

డాక్టరమ్మ మెట్లు దిగుతుంటేనే ఆయన ఎదురెళ్లాడు. ముందు మేడ మీది తాళం సంగతి చెప్పాడు. దాచలేదు, ఆవిడ ఏనాడూ దాచలేదు కనక తనూ దాచకూడదనుకున్నాడు, అది పాత సంగతి, మందుకి ముందు సంగతి అని చెప్పాడు. ఆ తర్వాత ఉప్పు సంగతి మొదలుపెట్టాడు, మొదలుపెట్టిన చోటు నుంచి కాక మధ్యలోంచి, జాడీ, ఎదురిల్లు, కిడ్నీలు, చెల్లెలు, అన్నీ కలగాపులగంగా. డాక్టరమ్మ చేతిలో కాగితాలు కిందికి దించి శ్రద్ధగా వింది.

"ఉప్పు పూర్తిగా మానేశారా? ఎన్నాళ్లయింది?"

"నా రక్తపోటు బయటపడ్డప్పట్నుంచీ అమ్మా. ఎండలు ముదరకముందు."

"ఆ తర్వాత విరేచనాలు, ఈ ఎండలు." ఆమె తల ఊపింది. "అది చాలండీ ఇంత దూరం రావడానికి. తిండిలో మార్పులేమైనా ఉన్నాయా అని నేను అడగాల్సిందే, అది ముందు అడగాల్సింది. కానీ కావాలని వేసుకున్నారా అన్న ప్రశ్న మాత్రం ఎవర్నైనా అడక్క తప్పదు, ఏమీ అనుకోకండి."

"అనుకోనమ్మా."

"మరి మీరు కూడా మానేశారా?"

ఆయన నేలవైపు చూశాడు. "నేను షాపులో చల్లుకొని తింటున్నానమ్మా."

ఆ పిల్ల నవ్వింది, ఆపుకోబోయి ఆపుకోలేక నవ్వింది, ఎంత కుర్రపిల్లో అప్పుడు తెలిసింది. తర్వాత సర్దుకొని, మీకు తగ్గాలి, ఆవిడకి తగ్గకూడదు, ఇక మీ ఇంట్లో రెండు గిన్నెలు తప్పవు అంది. రేపటికల్లా లిథియం దిగుతుంది, దిగడం మొదలైంది, అవసరమైతే రక్తం శుభ్రం చేసే యంత్రం ఉంది, దానిదాకా వెళ్లదనే నా నమ్మకం అంది. ఆ నమ్మకం అన్న మాటను ఆయన రెండు చేతులా అందుకున్నాడు. "అయినా ఆవిణ్ణి కూడా ఒకసారి అడగాలండీ. ఆవిడ నోటితో వినాలి నేను" అంటూ డాక్టరమ్మ తలుపు తోసి లోపలికి వెళ్లింది. ఆయన వెనకే వెళ్లి మంచం కాళ్ల దగ్గర ఆగిపోయాడు. తను కనపడితే ఆవిడ తనకోసం ఏదైనా చెబుతుందేమోనని, తెర చాటుకు జరిగి నిలబడ్డాడు.

డాక్టరమ్మ వంగి, భుజం మీద చెయ్యి వేసి పిలిచింది. ఒకసారి, ఇంకోసారి. ఆవిడ కళ్లు తెరిచింది. పేరు అడిగితే చెప్పింది, ముద్ద ముద్దగా. ఎక్కడున్నారు అంటే ఆస్పత్రి అంది, ఆ మాట సగంలో జారిపోయింది. ఏం పని చేస్తారు అంటే పెదాలు తడుపుకొని, పిల్లలు, అంది. బొట్టు బొట్టుగా ఉప్పు నీళ్లు దిగుతున్నాయి. డాక్టరమ్మ ఇంకా దగ్గరికి వంగింది.

"అమ్మా, ఒకటి అడుగుతాను. మీరు మాత్రలు కావాలని ఎక్కువ వేసుకున్నారా?"

ఆవిడ ఆ పిల్ల మొహంలోకి చాలాసేపు చూసింది. కోపం రాలేదు, బాధపడలేదు. ప్రశ్న ఎక్కడో తప్పుగా ఉందని, అది ఎక్కడో వెతుకుతున్నట్టు కనుబొమలు ముడిచింది.

"ఎందుకు?" అంది.

పొద్దుట్నుంచి ఒక్క మాట కూడా తిన్నగా రాని ఆ నాలుక మీద ఈ ఒక్కటీ స్పష్టంగా పలికింది. డాక్టరమ్మ ఆవిడ చెయ్యి మెల్లగా దుప్పటి కింద పెట్టి, కలం జేబుకు తగిలించుకుంది. తెర చాటున ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని ఏడ్చాడు.